బాతులను కదిలించే చూపు: కాపరి కుక్కల పనితీరు

(దృశ్యం: తెల్లవారుజాము. చెరువు ఒడ్డున, పొట్టిగా కత్తిరించిన పచ్చికమీద పెద్ద బాతుల గుంపు మేస్తుంటుంది. దూరంగా నలుపు తెలుపు రంగుల కుక్క ఒకటి నేలకు ఒంగి నిలబడి ఉంటుంది.)

వ్యాఖ్యానం:

ఈ కుక్క మొరగడం లేదు, పరుగెత్తడం లేదు. తల దించి, మెడ ముందుకు చాచి, కదలని చూపుతో ఒక్కొక్క అడుగే వేస్తున్నది. ముందుగా ఒక బాతు మేత మానేసి తలెత్తింది. దాన్ని చూసి మిగిలినవీ తలెత్తాయి. కాసేపటికి గుంపు మొత్తం నీటివైపు నడక సాగిస్తుంది. ఒక్క ఈకకైనా పన్ను తగలకుండా జరిగే ఈ పని ఎలా సాధ్యమవుతున్నదో, ఎక్కడ సాధ్యం కాదో ఈ వీడియోలో చూద్దాం.

తెలుగులో డక్‌నూ గూస్‌నూ మనం బాతు అనే పిలుస్తాం కనుక ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఇక్కడి పక్షి కెనడా గూస్. మెడ నల్లగా, దవడల దగ్గర తెల్లని పట్టీతో ఉంటుంది. బాగా పెరిగిన మగపక్షి అయిదు కిలోలకు పైగా తూగవచ్చు. సౌకర్యం కోసం దీన్ని కెనడా బాతు అందాం.

(దృశ్యం: పాత నలుపు తెలుపు ఛాయాచిత్రాల తరహా చిత్రాలు, నీటిమీద ఎర పక్షులు, ఒడ్డున వేటగాళ్లు.)

నేడు పార్కులను, గోల్ఫ్ మైదానాలను, కార్యాలయాల ఆవరణలను మురికి చేస్తున్నాయని అమెరికన్లు విసుక్కునే ఈ పక్షుల్లో అన్నిటికన్నా పెద్ద ఉపజాతి అంతరించిపోయిందని ఒకప్పుడు భావించారు. 1962లో మిన్నెసోటా రాష్ట్రంలోని రోచెస్టర్ పట్టణంలో, సిల్వర్ లేక్ అనే చెరువు దగ్గర హెరాల్డ్ హాన్సన్ అనే జీవశాస్త్రవేత్త వాటిని గుర్తించాక, వాటి సంతతిని పెంచి అనేక రాష్ట్రాల్లో వదిలారు. అంతకుముందే, వేటలో అడవి పక్షులను ఆకర్షించడానికి సజీవమైన ఎర పక్షులను వాడడాన్ని 1935లో నిషేధించినప్పుడు, వేటగాళ్లు పెంచిన బాతులు కొన్ని స్వేచ్ఛగా బయటపడ్డాయి. వలస దారిని పిల్లలు తల్లిదండ్రుల వెంట ఎగురుతూ నేర్చుకుంటాయి. ఆ దారి తెలియని పెద్దల సంతానం పుట్టిన చోటనే స్థిరపడింది. అంటే ఏడాది పొడుగునా కదలని ఈ గుంపులు చాలావరకు మనిషి చేతుల మీదుగా ఏర్పడినవే.

వాటికి కావలసినవన్నీ మనమే అమర్చాం కూడా. లేత గడ్డి, పక్కనే నీరు, శత్రువు ఎటునుంచి వచ్చినా దూరంనుంచే కనిపించే మైదానం: కెనడా బాతు దృష్టిలో అందంగా తీర్చిన పచ్చిక బయలంటే ఇదే. ఇక్కడ లేనిది వేటాడే జంతువు ఒక్కటే.

ఆ లోటును ప్లాస్టిక్ నక్క బొమ్మలతో, రికార్డు చేసిన అరుపులతో, గాలిలో ఊగే బెలూన్లతో పూడ్చాలని చూసినవారు కొద్ది రోజులకే నిరాశపడతారు. బొమ్మ కదలదని తెలిసిన మరుక్షణం బాతులు దాని నీడలోనే మేస్తాయి. గొలుసుతో కట్టిన పెంపుడు కుక్క సంగతీ అంతే; గొలుసు ఎంతవరకు వస్తుందో కొలిచినట్టుగా అవి దానికి ఒక అడుగు అవతల నిలబడతాయి.

(దృశ్యం: బోర్డర్ కోలీ కళ్ల సమీప చిత్రం.)

బోర్డర్ కోలీ జాతి కాపరి కుక్క వేరు. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు ప్రాంతంలో గొర్రెలను మళ్లించడానికి తరతరాలుగా ఎంపిక చేస్తూ రూపొందించిన జాతి ఇది. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్కను దీని మూలపురుషుడిగా చెబుతారు. తోడేలు వేటలో వరుసగా కొన్ని దశలు ఉంటాయి: కళ్లతో గురిపెట్టడం, పొంచి నడవడం, తరమడం, పట్టుకోవడం, చంపడం. కాపరులు తమ ఎంపికతో మొదటి మూడింటిని పదునుపెట్టి, చివరి రెండింటిని అణచివేశారు. ఆ మొదటి దశను కాపరులు 'కన్ను' అనే అర్థం వచ్చే 'ఐ' అనే మాటతోనే పిలుస్తారు. బాతు చూస్తున్నది వేటకు సిద్ధమైన జంతువును. ఆ వేట పూర్తికాదన్న సంగతి దానికి తెలిసే అవకాశం లేదు. నా అభిప్రాయంలో ఈ పద్ధతి బలమంతా ఇక్కడే ఉంది.

కుక్కను నడిపే మనిషి ఈలతోనో మాటతోనో దాన్ని అదుపు చేస్తాడు. 'కమ్ బై' అంటే గడియారం ముల్లు తిరిగే దిశలో, 'అవే' అంటే దానికి ఎదురు దిశలో గుంపును చుట్టిరావాలి. 'లై డౌన్' అంటే ఉన్నచోటనే పడుకోవాలి. పచ్చికమీదినుంచి నీటిలోకి దిగిన బాతులు అక్కడ తమకు భయం లేదనుకుంటాయి కనుక, పని సగంలో ఆగకుండా కుక్కను ఈదించడమో, పడవలో ఎక్కించుకుని వెంబడించడమో చేస్తారు. మొదటి వారాల్లో రోజుకు అనేకసార్లు, ప్రతిసారీ వేళ మార్చి, వచ్చే దిక్కు మార్చి ఇలా చేయాలి. రోజూ ఉదయం ఎనిమిదికే వచ్చే కుక్కను బాతులు సులువుగా తప్పించుకుంటాయి.

కాలం కూడా చూడాలి. వసంతంలో గూళ్లు కట్టకముందే తరిమితే ఫలితం ఎక్కువ. వేసవి మధ్యలో కొన్ని వారాలపాటు బాతులు రెక్కల ఈకలు రాల్చుకుంటాయి; అప్పుడు ఎగరలేవు, పిల్లలకు ఎగరడం ఇంకా రాదు. ఆ రోజుల్లో కుక్కను వదలడం వ్యర్థం, క్రూరం కూడా. అమెరికాలో 1918 నాటి వలస పక్షుల చట్టం ఈ పక్షులను రక్షిస్తున్నది. ముట్టుకోకుండా, గాయపరచకుండా తరమడానికి ఫెడరల్ అనుమతి అక్కరలేదు గానీ, గూడు మీద కూర్చున్న పక్షి జోలికి పోకూడదు. గుడ్లకు మొక్కజొన్న నూనె పూసి పొదగకుండా ఆపే పద్ధతికి ముందుగా ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలి.

(దృశ్యం: విమానాశ్రయం రన్‌వే పక్కన పరుగెత్తుతున్న కుక్క.)

1999లో ఫ్లోరిడాలోని సౌత్‌వెస్ట్ ఫ్లోరిడా అంతర్జాతీయ విమానాశ్రయం పక్షులను తరమడానికి జెట్ అనే బోర్డర్ కోలీని పనిలో పెట్టుకున్నది. అయితే విమానాల భద్రత అనగానే 2009 జనవరి 15న పక్షులు ఇంజిన్లలో పడడంతో న్యూయార్క్‌లోని హడ్సన్ నదిలో దిగిన విమానాన్ని గుర్తుచేసి, కుక్కలు ఉంటే అది తప్పేదని అనడం సరికాదు. ఆ ఇంజిన్లలో పడినవి ఆకాశంలో ఎంతో ఎత్తున ఎగురుతున్న కెనడా బాతులు. నేలమీద వాలే పక్షులనే కుక్క అడ్డగించగలదు.

మరో పరిమితి ఏమిటంటే, కుక్క బాతుల సంఖ్యను తగ్గించదు. ఇక్కడినుంచి లేచిన గుంపు పక్క ఆవరణలోని చెరువులో వాలుతుంది. ఆ యజమాని సంతోషించడు. అందుకే గుడ్లకు నూనె పూయడం, నీటి అంచున గడ్డిని ఎత్తుగా పెరగనివ్వడం, పక్షులకు రొట్టె ముక్కలు వేసేవారిని వారించడం తోడైనప్పుడే ఫలితం నిలుస్తుంది.

(దృశ్యం: బాతులు చెరువు మీదుగా లేచి ఒక చుట్టు తిరుగుతాయి.)

ఇప్పుడు శిక్షకుడు 'దట్ విల్ డూ', అంటే ఇక చాలు, అన్నాడు. గుంపు ఇంకా గాలిలోనే ఉంది, కుక్క చూపూ దాని మీదే ఉంది. అయినా అది వెనుదిరిగి అతని కాళ్ల దగ్గరకు వచ్చేసింది. శిక్షణలో ఎక్కువ కాలం పట్టేది తరమడం నేర్పడానికి కాదు, ఇలా ఆపడం నేర్పడానికే. రేపు ఇది చెరువు అవతలి గట్టునుంచి వస్తుంది.