సొంత దేశమే, కానీ చలి

శ్రోతలందరికీ నమస్కారం. దొరల కాలంలో మన దేశంలో ఉద్యోగాలు చేసే ఇంగ్లీషువాళ్ళు, పిల్లలకు ఐదారేళ్ళు రాగానే ఓడెక్కించి స్వదేశానికి పంపేసేవారు. ఇక్కడి ఎండలకు భయం, జబ్బులకు భయం. పిల్లలు మరీ ఇక్కడివాళ్ళైపోతారేమోనని ఇంకో భయం. సికింద్రాబాద్‌లో 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రొనాల్డ్ రాస్ కూడా అల్మోరాలో పుట్టి, చిన్నప్పుడే అలా వెళ్ళినవాడే.

ఈ పూట మాత్రం ‘జంగిల్ బుక్’ రాసిన ఇంగ్లీషు రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ సంగతి చెబుతాను. బ్రిటిష్ సామ్రాజ్యాన్ని సమర్థించిన ఆయన రాజకీయాలు నాకు గిట్టవు. అయినా ఆ పసివాణ్ణి తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

1865లో బొంబాయిలో పుట్టాడు. గోవా ఆయా పొద్దున్నే పళ్ళ బజారుకు తీసుకెళ్ళేది. మీతా అనే నౌకరు చెయ్యి పట్టుకుని చిన్న చిన్న గుళ్ళు చూపించేవాడు. మధ్యాహ్నం ఎండవేళ పడుకోబెట్టి కథలు చెప్పేవారు, పాటలు పాడేవారు. సాయంత్రం బట్టలు మార్చి అమ్మానాన్నల దగ్గరికి పంపేటప్పుడు, ‘ఇక ఇంగ్లీషులో మాట్లాడు’ అని గుర్తుచేయాల్సి వచ్చేది! కలలు కూడా ఇక్కడి భాషలోనే వచ్చేవట.

1871లో అతణ్ణీ, మూడేళ్ళ చెల్లెలు ట్రిక్స్‌నీ ఇంగ్లండులోని సౌత్‌సీలో, డబ్బు తీసుకుని పిల్లల్ని పెట్టుకునే ఇంట్లో వదిలి తల్లిదండ్రులు తిరిగి వచ్చేశారు. బంధువులు కారు, తెలిసినవాళ్ళు కారు. ఆ ఇంటావిడ కొట్టేది. అబద్ధాలకోరని రాసిన అట్ట వీపుకు కట్టి వీధిలో నడిపించింది. బూజు వాసన కొట్టే నేలమాళిగ గదిలో ఒంటరిగా ఉంచితే, ఎర్ర తాడు కట్టిన కొబ్బరిచిప్పతో, ఒక రేకుపెట్టెతో ఆడుకునేవాడు. కొబ్బరిచిప్ప! ఆ చలిదేశంలో ఎక్కడ సంపాదించాడో మరి.

ఆరేళ్ళు గడిచాయి. 1877లో తల్లి వచ్చింది. రాత్రి ముద్దు పెడదామని మంచం దగ్గరికి వెళితే, దెబ్బ పడుతుందనుకుని పిల్లవాడు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

తమను అక్కడ వదిలి వెళుతున్నారని ముందుగా ఎవరూ ఏమీ చెప్పలేదని ట్రిక్స్ పెద్దయ్యాక రాసుకుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. దుబాయ్ నుంచో, కువైట్ నుంచో పిల్లల్ని చదువుకోసం ఊరికి పంపే తల్లిదండ్రులు ఈ ప్రసంగం వింటుంటే ఒక్క మాట. టికెట్లు కొన్నరోజే పిల్లలకు చెప్పండి. ఎవరింట్లో ఉంటారో, మీరెప్పుడొస్తారో చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి, కానీ ముందే చెప్పండి. వెళ్ళాక ఫోన్ చేసినప్పుడు, పక్కన పెద్దవాళ్ళెవరూ లేకుండా పిల్లలతో కాసేపు విడిగా మాట్లాడండి. సెలవు.