దేవుడు విశ్వాన్ని పక్కకి జరపగలడా?

తమ్ముడు: అక్కా, మీ క్లాసులో ఒక పిల్లాడు రాయి గురించి అడిగాడన్నావే, ఈ ఎపిసోడ్ దానితోనే మొదలుపెడదాం.

అక్క: "దేవుడు తానే ఎత్తలేనంత బరువైన రాయిని చేయగలడా?" అని. చేయగలడంటే ఎత్తలేడు, చేయలేడంటే అదీ లోటే. ఇలాంటివాటికి క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ పదమూడో శతాబ్దంలోనే జవాబు చెప్పాడు. తనలో తనకే పొసగని మాట అసలు ఒక పనే కాదు, కాబట్టి అది చేయలేకపోవడం లోటు కాదని.

తమ్ముడు: మరి ఫిజిక్స్ నియమాలో? నీళ్లు ఎత్తుకి పారాయి అనడంలో పొసగనిదేం లేదు కదా.

అక్క: అదే అసలు ప్రశ్న. బొండాం తాగుతూ స్ట్రా పైకొనని వేలితో మూసి బయటికి తీస్తే నీళ్లు కారవు, చూశావా?

తమ్ముడు: వేలు తీయగానే జారిపోతాయి.

అక్క: బయటి గాలి కిందినుంచి నెడుతోందని మేం పిల్లలకి చెబుతాం. అరిస్టాటిల్‌ని చదువుకున్న ఆనాటి పండితులేమో, నీళ్లు జారితే పైన శూన్యం మిగలాలి, శూన్యం అసాధ్యం, అందుకే ఆగాయి అనేవాళ్లు. ఆ తర్కాన్నే ఆకాశందాకా లాగారు. దేవుడైనా విశ్వాన్ని తిన్నగా జరపలేడు, జరిపితే వెనకాల శూన్యం మిగులుతుందని!

తమ్ముడు: దేవుడికే అడ్డం చెప్పారా?

అక్క: 1277 మార్చి 7న పారిస్ బిషప్ ఎటియెన్ తాంపియే 219 వాదాలను నిషేధించాడు. అందులో ఇదొకటి. ఆలోచించేవాళ్ల నోరు మూయించడం తప్పే, అది నేను ఒప్పుకోను. కానీ 'దేవుడు చేయలేడు' అనకూడదు అనేసరికి, 'సరే, చేస్తే ఏమవుతుంది?' అని ఆలోచించాల్సి వచ్చింది. శూన్యం సంగతి 1640ల్లో ఇటలీ శాస్త్రవేత్త టొరిచెల్లి పాదరసం గొట్టంలో శూన్యాన్ని చూపించేదాకా ఆగింది. కదలిక సంగతి మాత్రం ముందే చర్చకొచ్చింది. 1377లో ఫ్రెంచ్ పండితుడు నికోల్ ఒరెమ్, పక్కన పోల్చుకోడానికి ఏమీ లేకపోయినా విశ్వం కదిలితే కదిలినట్టే అన్నాడు. 1716లో న్యూటన్ తరఫున శామ్యూల్ క్లార్క్ ఇదే ఉదాహరణ జర్మన్ తత్వవేత్త లైబ్నిట్జ్ ముందు పెట్టాడు. ఏ తేడా తెలియనప్పుడు అది మార్పే కాదన్నాడు లైబ్నిట్జ్.

తమ్ముడు: స్టేషన్లో మన రైలు కదిలిందో, పక్క రైలు కదిలిందో తెలియదే, అలా.

అక్క: ఇక్కడ పక్క రైలూ లేదు, ప్లాట్‌ఫామూ లేదు. అందుకే ఆ పిల్లాడితో, రాయి సంగతి తర్వాత చూద్దాం, దేవుడు రాత్రికి రాత్రి అన్నిటినీ గజం పక్కకి జరిపితే పొద్దున్న ఎలా కనిపెడతావు అన్నాను. వెంటనే స్కేలు తీసి బెంచీకి, గోడకి మధ్య కొలిచాడు. తర్వాత చాలాసేపు ఆ స్కేలు వంకే చూస్తూ కూర్చున్నాడు.