పక్కింటి చూరు మీదుగా వచ్చిన వెలుతురు

సభాధ్యక్షులవారికి, వేదికపై ఆసీనులైన పెద్దలకు, ఖస్పా వీధి మొదలు లాంజిపల్లి దాకా బరంపురం నలుమూలల నుంచి వచ్చిన బంధుమిత్రులకు, ముందు వరుసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మా వియ్యంకుడుగారికి నా నమస్కారాలు. ఉగాది సభలో కవి సమ్మేళనానికి ముందు ఇళ్ళ గురించి ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. పాత పేటలో కొత్త ఇల్లు కొనేవారికి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను అడిగారు. ముప్పై మూడేళ్ళు ప్రభుత్వంలో ఓవర్‌సీయరుగా పనిచేసినవాడికి ఆ నాలుగు మాటలు తెలిసి ఉంటాయని వారి నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు సబబో నా మాటలు విన్నాక మీరే తేల్చుకోవచ్చు.

మన నేత వీధుల్లో పాత ఇళ్ళు ఎలా ఉండేవో ఇక్కడున్న వారిలో చాలామందికి నేను చెప్పనక్కరలేదు. వీధి వైపు ఇరవై అడుగులు, లోపలికి నూరడుగులు. ముందు అరుగు, తరువాత మగ్గం గది, నడవ, వంటిల్లు, చివర పెరడు, పెరట్లో నుయ్యి. అటువంటి ఇల్లు అన్నదమ్ముల పంపకాల్లో రెండు మూడు ముక్కలై, అందులో ఒక ముక్క అమ్ముడై, పెంకులు దిగి, ఏడాది తిరిగేసరికి అక్కడ మూడంతస్తుల కొత్త ఇల్లు లేవడం ఇప్పుడు ప్రతి వీధిలోనూ కనిపిస్తున్నది. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు పెంకులూ రేకులూ ఎగిరిపోవడం కళ్ళారా చూసినవారికి స్లాబు ఇంటి మీద మోజు కలగడంలో తప్పు లేదు. మా అమ్మాయీ అల్లుడూ ఆ మరుసటి ఏడాదే ఇల్లు వెతకసాగారు, అర గుంఠ స్థలంలో అప్పుడే కట్టిన ఇల్లొకటి నచ్చిందన్నారు.

ఆ మాట విని హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు, "అరవై గజాల్లో ఇల్లేమిటన్నయ్యా?" అని గాభరా పడ్డాడు. వాడి లెక్కలో నలభై గుంటలు ఒక ఎకరం, అంటే గుంటకు 121 గజాలు. ఒడిశా లెక్కలో ఇరవై ఐదు గుంఠలకే ఎకరం పూర్తవుతుంది కాబట్టి మన గుంఠ 193.6 గజాలు, అంటే నాలుగు డెసిమల్. శ్రీకాకుళం వైపు బంధువులు సెంటు అనేదీ మనం డెసిమల్ అనేదీ ఒకటే, 48.4 గజాలు. మా అమ్మాయి చూసిన స్థలం రెండు డెసిమల్, అంటే ఇంచుమించు 97 గజాలు, వీధి వైపు ఇరవై అడుగులు, లోతు నలభై మూడున్నర అడుగులు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చిన్న స్థలంలో అడుగు తేడా కూడా గది తేడా అవుతుంది. అమ్మేవారి నోట ఒక కొలత, పట్టాలో ఒక కొలత, టేపు పెడితే మరొక కొలత వచ్చిన సందర్భాలు నా ఉద్యోగంలో లెక్కలేనన్ని చూశాను. టేపు మీరే పట్టండి.

ఇల్లు పరీక్షించడంలో మాత్రం నేను ఏ లోపమూ చేయలేదు. మా అల్లుడు సిగ్గుపడేటంతగా పరీక్షించాను. రూపాయి బిళ్ళతో ప్రతి గదిలో నేల పలకలను తట్టి, డొల్ల చప్పుడు వచ్చిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టాను. డాబా మీద నాలుగు బకెట్ల నీళ్ళు పోయించి, ఏ మూల నిలుస్తాయో, ఎంతసేపటికి గొట్టంలోకి దిగుతాయో చూశాను. సముద్రం మనకు పదిహేను కిలోమీటర్ల లోపే ఉన్నది, ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. అందుకని సన్‌షేడ్ల అడుగు భాగాన ఎర్రటి మరకలేమైనా ఉన్నాయేమోనని నిచ్చెన వేసుకుని మరీ చూశాను. స్తంభంలో చువ్వలపైన కనీసం 40 మిల్లీమీటర్ల కాంక్రీటు, స్లాబులో మామూలు చోట్ల 20 మిల్లీమీటర్లు, ఉప్పుగాలి తగిలే చోట ఇంకా ఎక్కువ ఉండాలని ప్రమాణం. కట్టేశాక దాన్ని కొలవలేము గాని, తగ్గించి కట్టిన చోట ఆ మరకలే సాక్ష్యం చెబుతాయి. తాపీమేస్త్రిని పిలిపించి, స్లాబు పోశాక ఎన్ని రోజులు తడిపావయ్యా అని అడిగాను. మామూలు సిమెంటుకు ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు పది రోజులు తడపాలి. అతను వారమన్నాడు, సిమెంటు బస్తా చూపించమంటే తల గోక్కున్నాడు.

అన్నింటికన్నా ముఖ్యంగా పాత నుయ్యి ఎక్కడుండేదని ఆ వీధిలో ఒక ముసలమ్మగారిని అడిగాను. పెరటి నూతిని రాళ్ళూ రద్దూ పోసి పూడ్చి, దాని మీద గోడ లేపితే ఆ పూడ్చిన మట్టి ఏళ్ళ తరబడి కుంగుతూనే ఉంటుంది. అప్పుడు కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు బయలుదేరుతుంది. సున్నంపూతలో వెంట్రుకలాగా కనిపించే సన్న గీతలకు బెంగ పడనవసరం లేదు, ఏటవాలు పగులు కనబడితే మాత్రం దాని మీద అడ్డంగా చిన్న గాజుముక్కను సిమెంటుతో అతికించి, తేదీ వేసి, రెండు నెలలు ఆగండి. గాజు విరిగితే గోడ ఇంకా కదులుతున్నదన్నమాట. మా అమ్మాయి ఇంట్లో అటువంటిదేమీ లేదు. నుయ్యి అన్నదమ్ముల రెండో వాటాలో పడిందని తెలిసి నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. వియ్యంకుడుగారూ, గడియారం కాసేపు జేబులో పెట్టుకోవలసిందిగా ప్రార్థన.

ఆ రోజు నేను నిచ్చెన మీద ఉండగా వియ్యంకుడుగారు వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఒకే ఒక ప్రశ్న వేశారు. "ఈ పక్క పెంకుటిల్లు ఎవరిది బావగారూ?" ఇరవై అడుగుల స్థలంలో అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర అడుగు వదిలి కట్టిన ఇల్లది, రెండు పక్కలా పెంకుటిళ్ళే. తూర్పు పెంకుటింటి చూరు మా కిటికీ గట్టుకన్నా కిందికి ఉండడంతో, పొద్దున ఎనిమిదింటికి ఎండ ఆ పెంకుల మీదుగా వచ్చి పొయ్యి గట్టు మీద పడుతున్నది. "ఎవరిదైతే మనకేమిటండీ, మనం కొనేది ఈ ఇల్లు కదా" అని నేను సన్‌షేడు మరకల్లో మునిగిపోయాను. ముప్పై మూడేళ్ళ అనుభవం నా చేత అనిపించిన మాట అది.

2019లో ఆ పెంకుటిల్లు అమ్ముడైంది. వర్షాకాలం వెళ్ళగానే గునపాలు దిగాయి, వేసవికి మూడో స్లాబు పడింది. కొన్నవారు తమ వైపు తొమ్మిది అంగుళాలు వదిలారు. మా ఒకటిన్నర అడుగు, వారి తొమ్మిది అంగుళాలు కలిపి, గోడకూ గోడకూ మధ్య రెండడుగుల మూడంగుళాలు. ఒకటిన్నర అడుగు వదిలిన ఇంటివాడికి, తొమ్మిది అంగుళాలు వదిలినవాడిని నిలదీయడానికి నోరెలా వస్తుంది? ఇప్పుడు మా అమ్మాయి మిట్టమధ్యాహ్నం పప్పులో రాయి ఏరుకోవాలన్నా లైటు వేసుకోవాలి. వారి స్నానాల గది గొట్టం సరిగ్గా మా కిటికీకి ఎదురుగా దిగుతుంది. గోడ మీద చెమ్మ పడితే ఆరడానికి గాలి లేదు. డొల్ల పలకలను సుద్దతో గుర్తు పెట్టిన నేను ఈ చీకటికి ఎక్కడ గుర్తు పెట్టాలి?

వకీలుగారి దగ్గరికి వెళ్ళాను. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రంలో చేరక ముందు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, అంటే పొరుగు స్థలం మీదుగా వచ్చే దారి, వెలుతురు వంటి హక్కుల చట్టం వర్తిస్తుందా, 1963 నాటి కాలపరిమితి చట్టం వర్తిస్తుందా అని ఆయన చాలాసేపు విచారించి, చివరకు ఏది తీసుకున్నా లెక్క ఒకటేనన్నారు. కిటికీ గుండా వచ్చే వెలుతురు మీద మీకు హక్కు రావాలంటే ఆ వెలుతురును ఇరవై ఏళ్ళపాటు అడ్డు లేకుండా అనుభవించి ఉండాలి. మా ఇంటికి అప్పటికి అయిదేళ్ళు. పాత పేటలో కొత్త ఇంటికి ఉన్న బలహీనత ఇదేనండీ. ఎదురింటి పాత పెంకుటింటివారికి తాతల నాటి వెలుతురు హక్కుగా ఉండవచ్చు, మన పాలరాతి ఇంటికి మాత్రం అది పక్కవారి దయ. అమ్మేవారు ఇల్లు చూపించేటప్పుడు "చూడండి, ఎంత వెలుతురో" అంటారు. ఆ వెలుతురు వారిది కాదు, ధరలో మాత్రం కలిపేస్తారు.

కాబట్టి ఇల్లు చూడడానికి వెళ్ళినప్పుడు ముందు ఆ ఇంటికి వీపు పెట్టి నిలబడండి. ఎడమ పక్కన ఏమున్నది, కుడి పక్కన ఏమున్నది, వెనుక ఏమున్నది, అవన్నీ రేపు మూడంతస్తులైతే ఈ ఇంట్లో ఏ గదికి వెలుతురు మిగులుతుంది అని లెక్క వేయండి. వీధి వైపు నుంచి, డాబా వైపు నుంచి వచ్చే వెలుతురు ఒక్కటే మీ లెక్కలోకి రావాలి. పక్క కిటికీలు లేవనుకుని మిట్టమధ్యాహ్నం వాటి తలుపులు మూయించి, లైట్లు ఆర్పించి ఆ ఇంట్లో పావుగంట కూర్చోండి. మెట్ల మీద గాజు పైకప్పు ఉన్న ఇల్లయితే మరో నాలుగు రూపాయలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

కాగితాల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. పట్టాలో భూమి కిసం, అంటే రకం, ఘరబారి (ఇంటి స్థలం) అని ఉన్నదో లేదో, ఒడియా చదవడం రాకపోతే వచ్చినవారి చేత చదివించుకోండి. బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీ ఆమోదించిన ప్లానును ఇంట్లో పరచుకుని, కట్టిన గోడలతో ఒక్కొక్కటిగా సరిచూడండి. పక్క గోడ ఉమ్మడిదా మనదా అన్నది దస్తావేజులో రాయించండి. 500 చదరపు మీటర్లు మించని స్థలంలో కట్టినవాటికి రెరాలో, అంటే ఇళ్ళ అమ్మకాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థలో, నమోదు అక్కరలేదు, మన రెండు డెసిమల్ అందులో ఆరో వంతు కూడా కాదు, కనుక నీటి కారుడుకూ పగుళ్ళకూ కట్టినవారు ఎన్నేళ్ళు బాధ్యులో ఒప్పందంలోనే రాయించుకోవాలి. రోడ్డు వేసిన ప్రతిసారీ మట్టం పెరుగుతున్నది, పాత అరుగులు ఎంత మునిగాయో చూసి కొత్త ఇంటి ప్లింతు ఇంకెన్నేళ్ళు పైన ఉంటుందో అంచనా వేయండి. ఠాకురాణీ యాత్ర నెలలో పందిళ్ళు వేశాక అంబులెన్సు ఆ వీధిలోకి వస్తుందో లేదో కూడా అడగండి.

ఇంతా చెప్పి, ఆ ఇల్లు కొనకుండా ఉండవలసిందని నేను అనడం లేదు. బడి దగ్గర, బజారు దగ్గర, ఒంట్లో నలతగా ఉంటే పలకరించడానికి తెలుగు మాట్లాడే నాలుగు గడపలు దగ్గర. ఊరి చివర లేఅవుటులో రెట్టింపు స్థలం వచ్చినా అవి రావు. నేల విలువ పెరుగుతుంది, స్లాబు విలువ ఏటా తరుగుతుంది. అర గుంఠలో నేల కొంచెమే కాబట్టి, అడిగిన ధరలో నేలకెంత, కట్టడానికెంత అని విడదీసి చూసుకున్నాక బేరం మొదలుపెట్టండి.

అధ్యక్షులవారు గంట మీద చెయ్యి పెట్టారు, మరొక్క నిమిషం. మా అమ్మాయి ఇంటికి పడమటి పక్కన పెంకుటిల్లు ఇంకా అలాగే ఉన్నది. పడక గదికి సాయంత్రపు వెలుతురు దాని మీదుగానే వస్తున్నది. మాకు ఆ ఇరవై ఏళ్ళూ నిండేది 2034లో. దాని యజమానులు ఆ ఇంటిని అమ్మకానికి పెట్టబోతున్నారని వారం కిందట విన్నాను. వారి పేరు చెప్పను, ఈ సభలోనే ఉన్నారు. అయ్యా, మా గోడ పొడుగునా మూడడుగుల వెడల్పు, నలభై మూడున్నర అడుగుల పొడవు, మొత్తం పద్నాలుగున్నర గజాలు మాకు విడిగా అమ్మవలసిందిగా ప్రార్థిస్తున్నాను. వెల మీరే చెప్పండి. కవి సమ్మేళనం అయ్యేదాకా నేను గుమ్మం దగ్గరే ఉంటాను, టేపు తెచ్చుకున్నాను.