రే డేవిస్: ఒక గిటార్, ఒక పుస్తకం, ఒక ముందుగది

[స్క్రీన్ మీద: ఖాళీ స్టేజ్, ఒక కుర్చీ, దానికి ఆనించిన అకూస్టిక్ గిటార్]

నమస్తే అండి. ఇవాళ ఒక షో గురించి చెప్తా. వెనకాల బ్యాండ్ ఉండదు, యాభై దాటిన ఒక మనిషి తన పుస్తకంలోంచి కొంచెం చదువుతాడు, ఒక పాట పాడతాడు, మళ్లీ కబుర్లు, మళ్లీ పాట, అంతే. ఆ మనిషి రే డేవిస్. 1960ల్లో లండన్‌లో మొదలైన ది కింక్స్ బ్యాండ్ హిట్లు చాలావరకు రాసింది ఈయనే.

1994లో ఎక్స్-రే అని తన జీవితం గురించి పుస్తకం రాశాడు. దాన్ని జనానికి చదివి వినిపిద్దామని బయల్దేరి మధ్యమధ్యలో పాటలు కలిపాడు, తోడుగా పీట్ మాథిసన్ అనే గిటారిస్ట్ ఒక్కడే. 1996లో వీహెచ్1 చానెల్ వాళ్లు ఈ షోని షూట్ చేశారు, స్టోరీటెల్లర్స్ అనే సిరీస్ మొత్తం దీన్నుంచే పుట్టింది. హరికథలు విన్నవాళ్లకి ఈ పద్ధతి ఇట్టే పట్టుబడుతుంది, కథ ఒక చోట ఆగుతుంది, అక్కణ్ణుంచి పాట అందుకుంటుంది.

సరే, అసలు విషయానికొద్దాం. యూ రియల్లీ గాట్ మీ పాట వినే ఉంటారు, 1964ది. దానికి అంత పేరొచ్చింది సౌండ్ వల్ల. రే తమ్ముడు డేవ్ ఏం చేశాడంటే, ఎల్పికో అనే చిన్న ఆంప్, అంటే గిటార్ సౌండ్‌ని పెంచే పెట్టె, ఉండేది, దాని స్పీకర్ కోన్‌ని, అంటే లోపల అదిరే గరాటు లాంటి పొరని, బ్లేడుతో కోసేశాడు, ఆ చిరిగిన కోన్ అదురుతుంటే గిటార్ గొంతు బొంగురుపోయి గుర్రుమన్నట్టు వచ్చింది. అంతకుముందు బ్యాండ్ విడిగా రిలీజ్ చేసిన రెండు పాటలు, అంటే సింగిల్స్, ఆడలేదు, ఇది మూడోది, మొదట చేసిన రికార్డింగ్ రేకి నచ్చలేదు, ఒప్పుకోనంటే ఒప్పుకోనని కూర్చుని మళ్లీ చేయించాడు, సెప్టెంబర్‌లో బ్రిటన్‌లో నంబర్ వన్!

[స్క్రీన్ మీద: గిటార్ మెడ క్లోజప్, వేళ్లు జరుగుతూ]

మరి ఆ చిరిగిన స్పీకర్ తీసేస్తే పాటలో ఏం మిగులుతుంది? చూడండి, ఇక్కడ ఒక కార్డ్, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం, చెయ్యి రెండు ఫ్రెట్లు, అంటే గిటార్ మెడ మీది అడ్డగీతల్లో రెండు గళ్లు, ముందుకి జరిపితే ఇంకో కార్డ్, మళ్లీ వెనక్కి. పాటంతా మళ్లీ మళ్లీ వచ్చే ఈ చిన్న ముక్కనే రిఫ్ అంటారు, అది ఇంతే. ఇంత చిన్నదాన్ని పట్టుకుని జనాన్ని కూర్చోబెట్టాలంటే ముందు దాని ఊరూ పేరూ చెప్పాలి, రే చేసింది అదే.

మనల్ని నేరుగా వాళ్లింటి ముందుగదిలోకి తీసుకెళ్తాడు. నార్త్ లండన్‌లో ఫోర్టిస్ గ్రీన్, ఆరుగురు అక్కల తర్వాత రే, ఆ తర్వాత డేవ్, శనివారం రాత్రయితే ఆ గదిలో పియానో చుట్టూ చేరి అందరూ పాటలు, రోడ్డు దాటితే క్లిసోల్డ్ ఆర్మ్స్ అనే పబ్, అన్నదమ్ములిద్దరూ తొలిరోజుల్లో వాయించింది అక్కడే. ఆ రిఫ్ పుట్టింది కూడా ఈ ముందుగది పియానో మీదే.

నాకు మాత్రం అన్నిటికంటే మనసులో ఉండిపోయింది వాళ్ల అక్క రెనీ సంగతి. ఆమెకి గుండె జబ్బు, కానీ డాన్స్ అంటే ప్రాణం. 1957లో రే 13వ పుట్టినరోజుకి స్పానిష్ గిటార్ కొనిచ్చింది. ఆ రాత్రే లైసియం బాల్‌రూమ్‌లో డాన్స్ చేస్తూ కుప్పకూలిపోయింది, ఇంక లేవలేదు.

అందుకే, పెద్ద పాటల్ని అకూస్టిక్‌లో, అంటే ఎలక్ట్రిక్ గిటార్లు లేకుండా, పాడితే ఏదో తగ్గించి పాడుతున్నాడు అంటారు కదా, ఈయన విషయంలో నేనస్సలు ఒప్పుకోను. ఎలక్ట్రిక్ గిటార్లు, చిరిగిన స్పీకర్లు అన్నీ తర్వాత వచ్చినవి, ఆ పిల్లాడి చేతిలో మొదట పడింది అక్క ఇచ్చిన ఆ చెక్క గిటారే.

1998లో ది స్టోరీటెల్లర్ పేరుతో ఆల్బమ్ వచ్చింది. ముందు 1964 సింగిల్ ఒకసారి వినేసి, తర్వాత ఇది మొదట్నుంచి పెట్టండి, మాటలు స్కిప్ చేయొద్దు ప్లీజ్. ఆ పాట దాదాపు చివర్లో వస్తుంది, అప్పటికి ఆ ముందుగదిలో మీరు కూడా చాలాసేపు కూర్చుని ఉంటారు.