కేసులోంచి చివరి పిన్ను బయటికొచ్చేదాకా

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, ఎదురుగా కూర్చున్న తోటి షూటర్లకి, ఈమధ్యే రీలోడింగ్, అంటే కాల్చేసిన తూటాల గొట్టాల్ని మళ్ళీ నింపి వాడటం, మొదలుపెట్టిన కుర్రాళ్ళకి, అమ్మాయిలకి. నిర్వాహకులు నాకిచ్చిన అంశం ఖాళీ ఇత్తడి కేసుల్ని, అంటే ఆ తూటా గొట్టాల్ని, తడి పద్ధతిలో శుభ్రం చేయడం. దాని మీద చెప్పాల్సింది నిజానికి తక్కువే. కేసు అడుగున ఉండి మందుని అంటించే చిన్న బిళ్ళల్ని, అంటే ప్రైమర్లని, ముందే తీసేసిన కేసులు, స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులు, నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు కొద్దిగా, నిమ్మ ఉప్పు చిటికెడు, ఇవన్నీ టంబ్లర్ అనే యంత్రంలో తిరిగే డ్రమ్ములో వేసి రెండు మూడు గంటలు తిప్పితే కేసులు లోపలా బయటా, ప్రైమర్ గుంటతో సహా, కొత్తవాటిలా వస్తాయి. అంతే, నా అంశం అయిపోయింది. మిగిలిన సమయమంతా డ్రమ్ము ఆపిన తర్వాత పని గురించే, కేసుల్లోంచి పిన్నుల్ని వేరు చేయడం గురించే మాట్లాడతాను. ఏమీ అనుకోకండి.

ఎందుకంటే నాకు చాలాకాలంగా ఒక బాధ ఉంది. ఈ పద్ధతి నేర్పేవాళ్ళందరూ మెరుపు చూపిస్తారు. ఇదిగో ముందు, ఇదిగో తర్వాత అని రెండు కేసులు పక్కపక్కన పెడతారు. ఆ మెరిసే కేసు కడుపులో పిన్ను ఉందో లేదో ఎవరు చూశారు? అది ఎవరూ చెప్పరు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మెరుపు చూసి పని పూర్తయిందనుకుంటారు.

మనం మామూలుగా వాడే పిన్ను సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం, 6.5 మిల్లీమీటర్ల పొడవు. 5.56 ఎంఎం రైఫిల్ తూటా కేసు మెడ లోపలి వెడల్పు అయిదున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో రెండు మూడు పిన్నులు ఒకేసారి బయటికి రాబోయి ఒకదాన్నొకటి నొక్కుకుని అక్కడే బిగుసుకుపోతాయి. ప్రైమర్ మంట లోపలికి రావడానికి అడుగున ఉండే రంధ్రం, ఫ్లాష్ హోల్, చాలా కేసుల్లో సుమారు 2 మిల్లీమీటర్లు, అందులోకి ఒక పిన్ను దూరి సగంలో వాలిపోయి ఉంటుంది. పైగా స్టీలూ ఇత్తడీ రెండూ నీళ్ళలో మునిగేవే, ఒకటి తేలితే తీసుకుందామనడానికి లేదు.

మా క్లబ్బులో ఒక పెద్దాయన ఉన్నారు. ఎవరి బల్ల దగ్గరికెళ్ళినా చేతిలో చిన్న టార్చి ఉంటుంది. ఒకరోజు ఒకతను కేసులన్నీ ట్రేలో మూతి పైకి పెట్టి, తుపాకి మందు పోయడానికి సిద్ధమవుతున్నాడు. పెద్దాయన అటుగా వెళ్తూ టార్చి వేసి ఒక కేసు దగ్గర ఆగారు. "బాబూ, ఇది ఒకసారి బోర్లించు" అన్నారు. అతను నొచ్చుకున్నాడు. "జల్లెడ పట్టానండీ, రెండుసార్లు పట్టాను" అన్నాడు. పెద్దాయన వాదించలేదు, కేసు తీసి బల్ల మీద తట్టారు. పిన్ను పడింది. ఆ తర్వాత ట్రే మొత్తం బోర్లించారు, ఇంకో కేసులోంచి రెండు పడ్డాయి. ఆ రోజు ఆయన అటు రాకపోయి ఉంటే? మందు పోసి, బుల్లెట్ బిగించాక లోపలున్న పిన్ను కనపడదు. ప్రైమర్ మంటకి అడ్డొస్తే మందు సరిగ్గా అంటుకోకపోవచ్చు, లేదంటే ఆ గట్టి స్టీలు ముక్క బుల్లెట్ వెనకాలే బ్యారెల్లోంచి పోతుంది. జల్లెడ పట్టానని చెప్పే ప్రతి ఒక్కరికీ నేను ఈ సంగతే చెప్తాను, ఇంకా చెప్తూనే ఉంటాను.

జల్లెడ తప్పని కాదు, దాన్ని గాలిలో పట్టడం తప్పు. తడి కేసుని నీళ్ళలోంచి పైకెత్తగానే లోపల మిగిలిన నీళ్ళు తలతన్యత వల్ల పిన్నుల్ని గోడకి అంటించి పట్టుకుంటాయి, ఎంత ఊపినా రావు. అందుకే తిరిగే బుట్ట ఉన్న సెపరేటర్‌ని సగానికి పైగా నీళ్ళతో నింపి, కేసులు నీళ్ళలో మునిగి ఉండగానే తిప్పాలి. నీళ్ళ లోపల పట్టుకునేదేమీ ఉండదు, పిన్నులు జారి అడుగుకి పోతాయి. మెల్లగా, అటూ ఇటూ, దిశ మార్చి తిప్పండి. సెపరేటర్ లేకపోతే బకెట్‌లో నీళ్ళు పోసి, చిల్లుల గిన్నెలో కొన్ని కొన్ని కేసులు వేసి ముంచి కదపండి. ఆలస్యమవుతుంది, కానీ పనవుతుంది.

ఒక్క నిమిషం, ఈ మాట మర్చిపోతే నన్ను నేను క్షమించుకోలేను. ఆ మురికి నీళ్ళలో సీసం ఉంటుంది. ఎక్కువ ప్రైమర్లలో ఉండేది లెడ్ స్టిఫ్నేట్, దాని మసే ఆ నీళ్ళలోకి దిగుతుంది. వంటింటి సింకులో పోయకండి, వంట గిన్నెలు, వంట జల్లెడలు వాడకండి, చేతి తొడుగులు వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. దయచేసి.

మళ్ళీ పిన్నుల దగ్గరికి. అయస్కాంతం వాడొచ్చా అని అడుగుతారు. కేసుకి అంటదు, పిన్నుకి అంటుతుంది, కానీ అన్ని పిన్నులకీ ఒకేలా కాదు. తీగ లాగి ముక్కలు కోసేటప్పుడు స్టెయిన్‌లెస్‌కి కొంత అయస్కాంత గుణం వస్తుంది, ఆ బలం రకాన్ని బట్టి మారుతుంది. మీ పిన్నుల్ని ముందు పరీక్షించండి. బల్ల మీదా, తువ్వాలులోనూ దొరలినవి ఏరడానికి అయస్కాంతం బాగుంటుంది. కేసు ఖాళీ అయిందని సాక్ష్యం చెప్పడానికి మాత్రం అది చాలదు.

సైజులు కూడా ముందే వేరు చేయండి. 9 ఎంఎం తూటా కేసు అంతకంటే వెడల్పైన .45 తూటా కేసులో దూరి కూర్చుంటే లోపల పిన్నులు ఇరుక్కుంటాయి, రెండూ శుభ్రం కావు. మెరుపు ఇంకా పెరగాలని అమ్మోనియా ఉన్న ద్రావణాలు పోసేవాళ్ళున్నారు, వద్దు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన దేశంలో వర్షాకాలం గుర్రపుశాలల్లో నిల్వ ఉంచిన తూటాల ఇత్తడి పగిలిపోయేది. కారణం గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, ఇత్తడిలో మిగిలిన ఒత్తిడి కలవడమేనని 1921లో తేల్చారు.

ఆరబెట్టేటప్పుడు కేసుల్ని తువ్వాలులో వేసి దొర్లించండి, కొన్ని పిన్నులు అప్పుడు కూడా రాలతాయి. తర్వాత ఫ్యాను కిందో, తక్కువ వేడి మీదో ఆరనివ్వండి. ఎక్కువ వేడి పెడితే ఇత్తడి మెత్తబడుతుంది, కేసు అడుగు మెత్తబడటం ప్రమాదం. పూర్తిగా ఆరాక ఒక్కొక్క కేసునీ చేతిలోకి తీసుకుని, బోర్లించి తట్టి, టార్చి వేసి ఫ్లాష్ హోల్ కనపడేదాకా చూడండి. ఒక్కొక్కటీ అంటే ఒక్కొక్కటే, పది తీసి ఒకటి చూడటం కాదు. వంద కేసులకి ఎంతసేపు పడుతుంది చెప్పండి?

ఆ పక్క బల్ల మీద సెపరేటరూ, నీళ్ళూ, టార్చీ పెట్టించాను. తొడుగులు వేసుకుని రండి, నీళ్ళలో తిప్పి చూద్దాం.