ఒక చెంచా మందు వెనక ఎవరి డబ్బు?

శ్రోతలందరికీ నమస్కారం.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అందరూ ఎన్‌ఐఎన్ అంటారు. ఆ గేటు ముందు నుంచి రోజూ ఎన్నో బస్సులు పోతుంటాయి. లోపల ఏం జరుగుతుంది, ఆ పనికి డబ్బు ఎవరిస్తారు అని మాత్రం మనం పెద్దగా ఆలోచించం. ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు ఒకే ఒక్క గదిలో బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టారు. ఆ గదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ వచ్చింది. 1969లో ఇప్పటి పేరు పెట్టారు. ఇది భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్ కింద పనిచేసే సంస్థ. చరిత్ర ఇంతటితో ఆపేస్తాను, ఎందుకంటే నాకు చాలా ఇష్టమైన కథ ఒకటి మీకు పూర్తిగా చెప్పాలి.

పసిపిల్లలకు ఏఎన్‌ఎం అమ్మ చెంచాతో నోట్లో పోసే విటమిన్ ఎ మందు గుర్తుందా? నూనెలా జిడ్డుగా ఉంటుంది. తొమ్మిదో నెలలో తట్టు టీకాతో పాటు లక్ష యూనిట్లు. ఆ తర్వాత అయిదేళ్లు నిండేవరకు ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్లు. ఆ చెంచా కథ ఇది.

1960ల్లో మన దేశంలో చాలామంది పిల్లలు విటమిన్ ఎ లోపంతో చూపు పోగొట్టుకునేవారు. మొదట రేచీకటి వచ్చేది. దీపాలు పెట్టే వేళకు పిల్లవాడు తడుముకుంటూ నడిచేవాడు. తర్వాత కంటి తెల్లగుడ్డు మీద నురుగులాంటి బూడిదరంగు మచ్చ వచ్చేది. అప్పటికీ ఎవరూ పట్టించుకోకపోతే నల్లగుడ్డు మెత్తబడి, రోజుల వ్యవధిలో కరిగిపోయేది. ఇక ఆ చూపు తిరిగి రాదు.

ఎన్‌ఐఎన్ వాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. విటమిన్ ఎ కొవ్వులో కరుగుతుంది. మిగిలినదాన్ని శరీరం పారేయదు, గాదెలో ధాన్యంలా కాలేయంలో దాచుకుంటుంది. అలాంటప్పుడు రోజూ మాత్ర మింగించడం ఎందుకు? ఒకేసారి పెద్ద మోతాదు ఇస్తే నెలల తరబడి సరిపోదా?

ఆలోచన రావడానికి ఖర్చేమీ లేదు. రుజువు చేయడానికే ఖర్చు. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెలకు వెళ్లాలి. తల్లులను ఒప్పించాలి. మందు పోయాలి. మళ్లీ అవే ఇళ్లకు వెళ్లి, అవే పిల్లల కళ్లను టార్చిలైటుతో చూసి రాసుకోవాలి. ఇలా ఏళ్ల తరబడి చేయాలి. డాక్టర్లకు జీతం, జీపుకు పెట్రోలు, లెక్కలు రాసేవాళ్లకు జీతం. కంటి జబ్బు తగ్గుతోందని తేలింది. 1970లో ఇది జాతీయ కార్యక్రమమైంది.

ఆ డబ్బు ఎవరిది? ఏ మందుల కంపెనీదీ కాదు. కంపెనీలను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. విటమిన్ ఎ చవకైన సరుకు, దాని మీద పేటెంట్ రాదు. మందు తాగాల్సిన పిల్లవాడి అమ్మానాన్నల దగ్గర డబ్బుల్లేవు. లాభం లేని చోట పెట్టుబడి పెట్టమంటే ఏ వ్యాపారి పెడతాడు? అది ప్రభుత్వమే చేయాల్సిన పని.

ఇంకో మాట. అప్పట్లో ఆ సంస్థ డైరెక్టర్‌గా ఉన్న సి. గోపాలన్ గారు, లోపాన్ని తీర్చాల్సింది ఆహారమేనని, ఆకుకూరలూ పళ్లూ పాలూ పిల్లలకు అందాలని తర్వాతి కాలంలో గట్టిగా వాదించారు. మందు అమ్ముకునే అవసరం లేని చోట పనిచేసినవారికి ఆ స్వేచ్ఛ ఉంటుందని నా నమ్మకం.

మళ్లీ అడుగుతాను, ఆ డబ్బు ఎవరిది? కేంద్ర బడ్జెట్‌లో ఆరోగ్య పరిశోధన విభాగానికి ఒక పద్దు ఉంటుంది. అక్కడి నుంచి ఐసీఎంఆర్‌కు, ఐసీఎంఆర్ నుంచి సంస్థకు వస్తుంది. పర్మనెంట్ శాస్త్రవేత్తల జీతాలు, కరెంటు బిల్లు, ప్రయోగశాల ఎలుకల మేత, అన్నీ అందులోవే. మీరు సబ్బు కొన్నప్పుడు కట్టే పన్ను కూడా అందులో ఉంది.

కొత్త ప్రాజెక్టులకు దారి వేరు. శాస్త్రవేత్త ఏం చేస్తాడో, ఎందుకు చేస్తాడో, ఎంతవుతుందో రాసివ్వాలి. బయటి నిపుణులు చదివి ప్రశ్నలు వేస్తారు. కొన్ని అక్కడే ఆగిపోతాయి. ఒప్పుకున్నవాటికి కూడా డబ్బు విడతలుగా వస్తుంది. పాత విడత దేనికి ఖర్చయిందో లెక్క చూపిస్తేనే కొత్త విడత. కొన్ని పనులకు యూనిసెఫ్ వంటి అంతర్జాతీయ సంస్థలు కూడా ఇస్తాయి. ఈ ప్రాజెక్టుల్లో పనిచేసే కుర్రవాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు మీద ఉంటారు. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగం కూడా అయిపోతుంది. చివరి ఏడాది వాళ్లకుండే టెన్షన్ మనకు కనబడదు.

అన్నిటికన్నా కష్టం, ఏళ్ల తరబడి ఆగకుండా సాగాల్సిన పనికి డబ్బు రాబట్టడం. 1972లో ఈ సంస్థలోనే జాతీయ పోషకాహార పర్యవేక్షణ కేంద్రం మొదలైంది. అలాంటి సర్వేకు వచ్చేవాళ్లు పొయ్యి వెలిగించకముందే ఇంటికి చేరుకోవాలి. వండబోయే బియ్యం, పప్పు, నూనె తూకం వేసి రాసుకోవాలి. ఇలా దశాబ్దాల పాటు మన పల్లెల్లో ఎవరు ఏం తింటున్నారో లెక్క దొరికింది. తర్వాత అది మూతపడింది. నా మటుకు నాకు అది పెద్ద నష్టం. కొత్త మందు కనిపెట్టారంటే పేపర్లో వస్తుంది, పప్పు తూచారంటే రాదు. కానీ పప్పు తూచకపోతే ఏ పిల్లవాడికి ఏం తక్కువైందో తెలిసేదెలా?

సమయం దగ్గరపడింది. అసలు పనికొచ్చే మాట ఒకటి చెప్తాను. ఏ పరిశోధన సంస్థ నుంచైనా మీ ఇంటికొచ్చి, రక్తం నమూనా ఇవ్వమనో, పాపను తూకం వేస్తామనో అడిగితే భయపడొద్దు. అలాగని గబగబా సంతకమూ పెట్టొద్దు. వాళ్ల పనిని ముందుగా నైతిక కమిటీ పరిశీలించాలి. అందులో డాక్టర్లే కాదు, న్యాయం తెలిసినవారు, మామూలు పౌరులు కూడా ఉంటారు. ఆ కమిటీ ఒప్పుకుందా అని అడగండి. ఈ పనికి డబ్బు ఎవరిస్తున్నారని అడగండి. మీ భాషలో రాసిన అంగీకార పత్రం చూపించమనండి. చదవడం రాకపోతే సాక్షి ముందు చదివి వినిపించమనండి. ఇష్టం లేకపోతే కాదనొచ్చు, మొదట ఒప్పుకున్నా మధ్యలో మానుకోవచ్చు, దానివల్ల మీకు అందే వైద్యం ఆగకూడదు. ఒప్పుకుంటే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పరువు కోసం పాలు రోజూ తాగుతున్నామని రాయిస్తే మీ ఊరి లెక్కే తప్పుతుంది. సంతకం చేసిన కాగితం నకలు అడిగి తీసుకోండి, అవసరమైతే ఫోన్ చేయడానికి దాని మీద నంబరు ఉందో లేదో వాళ్లు ఉండగానే చూసుకోండి.

సెలవు, నమస్కారం.