పలకరింపు లేని చావులు: కరోనా మిగిల్చిన దిగులు ఇంకా ఎందుకు పోలేదు?

[దృశ్యం: నెల్లూరు పెన్నా వంతెన, పొద్దున ట్రాఫిక్. వెనక నుంచి గొంతు.]

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కరోనా కేసు మన నెల్లూరులోనే బయటపడింది. 2020 మార్చి 12న, ఇటలీ నుంచి వచ్చిన ఒక విద్యార్థికి. ఆ కుర్రాడు కోలుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. కానీ ఆ తర్వాత వచ్చిన రెండు వేవ్‌లలో నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎవరో ఒకరిని పోగొట్టుకోని కుటుంబం ఉందా అంటే, దగ్గరివాళ్ళు కాకపోయినా దూరపు బంధువైనా ఉండే ఉంటారు.

[దృశ్యం: వ్యాఖ్యాత కెమెరా ముందు.]

నమస్కారం. ఈరోజు వైరస్ గురించి కాదు, దాన్ని ఎదుర్కొన్న మనసు గురించి మాట్లాడుకుందాం. కొంతమంది అంత పెద్ద దెబ్బ తగిలినా ఎలా నిలబడ్డారు? కొంతమంది ఇన్నేళ్ళయినా ఎందుకు తేరుకోలేకపోతున్నారు? ముందే ఒకటి చెప్పేస్తాను. "ధైర్యంగా ఉండు" అనే సలహా ఈ వీడియోలో ఉండదు. ఆ మాట అప్పట్లో ఊరంతా చెప్పింది. విన్నవాళ్ళు తలూపారు, లోపలికెళ్ళి ఏడ్చారు.

[దృశ్యం: ఒక పల్లె ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు.]

మామూలు రోజుల్లో మన వైపు ఒక చావు ఎలా జరుగుతుందో చూడండి. ఫోన్లు పోతాయి. కావలి నుంచి ఒకరు, కందుకూరు నుంచి ఒకరు, పొదిలి నుంచి ఇంకొకరు బస్సెక్కుతారు. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పక్కింటివాళ్ళు అన్నం క్యారియర్ తెస్తారు. వచ్చిన ప్రతి ఆడమనిషీ పోయినాయన భార్య పక్కన చాప మీద కూర్చుని అదే ప్రశ్న అడుగుతుంది: "ఏమైందమ్మా, అసలు ఎట్టా జరిగింది?" ఆమె మళ్ళీ మొదటి నుంచి చెబుతుంది. "రాత్రి బాగానే అన్నం తిన్నాడు పిన్నమ్మా. మజ్జిగ కూడా అడిగి పోయించుకున్నాడు. తెల్లారుజామున ఛాతీలో పట్టేసినట్టుంది అన్నాడు..." చిన్నదినానికి వచ్చినవాళ్ళకు ఒకసారి, పెద్దదినానికి వచ్చినవాళ్ళకు ఇంకోసారి. అప్పటికి ఆ కథ ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే లెక్క తెలియదు.

చూసేవాళ్ళకు ఇది గాయాన్ని కెలకడంలా అనిపిస్తుంది. పట్నంలో చదువుకున్న పిల్లలు "ఎందుకమ్మా మళ్ళీ మళ్ళీ అడిగి ఏడిపిస్తారు" అని విసుక్కుంటారు కూడా. కానీ జరిగే పని వేరే. మనిషి పోయాడన్న సంగతి చెవికి ఒక్క నిమిషంలో తెలుస్తుంది. మనసు ఒప్పుకోవడానికి చాలా రోజులు పడుతుంది. చెప్పిన ప్రతిసారీ అది కొంచెం కొంచెంగా లోపలికి దిగుతుంది. ఏళ్ళ తరబడి దుఃఖం తగ్గనివాళ్ళకు ఇచ్చే ప్రత్యేక చికిత్సలో, ఆ మరణం గురించి విన్న క్షణాన్ని థెరపిస్ట్ ముందు పదే పదే చెప్పించడం ఒక ముఖ్యమైన భాగం. మన చాప మీద పైసా ఖర్చు లేకుండా జరిగేది దానికి చాలా దగ్గరగా ఉంటుంది.

ఆ తర్వాత నిద్రలు. మేనమామో, అక్కో వచ్చి "మా ఇంట్లో మూడు నిద్రలు చేసి పో" అని తీసుకెళ్తారు. ముస్లింల ఇళ్ళలో జియారత్, క్రైస్తవుల ఇళ్ళలో ఆదరణ కూడిక. పద్ధతి ఏదైనా, పోయిన మనిషి పేరు పదిమంది నోట వినపడుతుంది, ఉన్నవాళ్ళు ఒంటరిగా మిగలరు.

[దృశ్యం: ఆసుపత్రి గేటు. సెక్యూరిటీ టేబుల్ మీద వరుసగా స్టీల్ క్యారియర్లు. ఒకదాని మీద తెల్ల ప్లాస్టర్, పెన్నుతో పేరు, బెడ్ నంబర్.]

ఇప్పుడు 2021 మే నెలకు రండి. భర్త కోవిడ్ వార్డులో. ఇంటి నుంచి వచ్చేది ఆ క్యారియర్ ఒక్కటే. మూత మీద ప్లాస్టర్ ముక్క అంటించి పేరు, బెడ్ నంబర్ రాసి గేటు దగ్గర ఇచ్చేవాళ్ళు. సాయంత్రం తిరిగొచ్చిన క్యారియర్ మూత తీసి ఎంత తిన్నాడో చూసుకునేవాళ్ళు. సగం తింటే ఆ రాత్రికి కాస్త నిద్ర. అలాగే తిరిగొస్తే టెన్షన్. డాక్టర్ ఫోన్ చేసి చెప్పే "స్టేబుల్" అనే మాట కంటే ఆ క్యారియరే ఎక్కువ చెప్పేది.

ఒకరోజు ఫోన్ వచ్చింది, మనిషి లేడని. కవర్‌లో చుట్టిన శరీరం, పీపీఈ కిట్లు వేసుకున్న నలుగురు, దూరం నుంచి వీడియో కాల్‌లో చూసిన దహనం. భార్య కూడా పాజిటివ్ అయితే అదీ లేదు. ఇంటికొస్తే చాప లేదు, కుర్చీలు లేవు, వీధి మొదట్లో అడ్డంగా కట్టిన కర్రలు. "ఏమైందమ్మా" అని అడిగే మనిషి గుమ్మం దాటి రాలేదు. వాళ్ళ తప్పు కూడా కాదు, వాళ్ళ ఇంట్లోనూ ముసలివాళ్ళున్నారు. 2020లో నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు కూడా భక్తులను రానివ్వలేదు. బాధ మోసుకుని వెళ్ళే చోట్లన్నీ ఒకేసారి మూతపడ్డాయి.

[దృశ్యం: వ్యాఖ్యాత.]

అందుకే చాలామందిలో ఒక విచిత్రమైన అనుమానం మిగిలిపోయింది. "ఆ కవర్‌లో ఉన్నది మా ఆయనేనా?" అని. పైకి చెబితే పిచ్చి అనుకుంటారని చెప్పరు. పాలిన్ బాస్ అనే అమెరికన్ కుటుంబ చికిత్స నిపుణురాలు 1970ల నుంచే ఇలాంటి దుఃఖాన్ని పరిశీలించారు. యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలతో ఆమె పని మొదలైంది. శరీరాన్ని చూడకపోతే, చివరి చూపు దక్కకపోతే దుఃఖానికి మొదలూ దొరకదు, చివరా దొరకదు. మనసు గుమ్మం వైపే చూస్తుంటుంది. ఇది పిచ్చి కాదు. చూడాల్సింది చూడనివ్వకపోతే ఎవరి మనసైనా అలాగే చేస్తుంది.

[దృశ్యం: తెర మీద అంకె: 1969.]

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. దుఃఖానికి ఐదు మెట్లుంటాయని వాట్సాప్‌లో చదివే ఉంటారు. నమ్మకపోవడం, కోపం, బేరం, కుంగుబాటు, ఒప్పుకోవడం. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో చెప్పిన మాట అది. ఆమె మొదట మాట్లాడింది చావుకు దగ్గరైన రోగులతో. వాళ్ళ గురించి చెప్పినదాన్ని పోగొట్టుకున్నవాళ్ళందరికీ అంటించేశారు. అందరూ ఆ మెట్లు వరుసగా ఎక్కరు. "నాకు కోపమే రాలేదు, నాలో ఏదో లోపముందా?" అని బెంగపడేవాళ్ళున్నారు. ఏ లోపమూ లేదు.

నాకు ఎక్కువ నచ్చింది మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పిన పద్ధతి. దుఃఖంలో ఉన్న మనిషి రెండు వైపులకూ అటూ ఇటూ తిరుగుతుంటాడని వాళ్ళంటారు. కాసేపు ఫోటో పట్టుకుని ఏడుస్తాడు. కాసేపటికి లేచి బ్యాంకుకు వెళ్తాడు, గేదెకు గడ్డి వేస్తాడు, పిల్లల ఫీజు గురించి ఆలోచిస్తాడు. ఈ తిరగడమే ఆరోగ్యం. ఎప్పుడూ ఏడుపులోనే ఉండిపోయినా కష్టమే, ఒక్కసారీ ఏడవకుండా పనిలో పడి కొట్టుకున్నా కష్టమే. మన ఊళ్ళలో మొగుడు పోయిన నెలకే ఆమె కొట్టు తెరిస్తే "చూశావా, అప్పుడే మర్చిపోయింది" అంటారు చూడండి, ఆ నోళ్ళు మూయించాలి. ఆమె మర్చిపోలేదు. రాత్రికి మళ్ళీ ఏడుస్తుంది.

ఇక తట్టుకున్నవాళ్ళ సంగతి. 2003లో హాంకాంగ్‌లో కరోనా లాంటిదే సార్స్ అనే జబ్బు వచ్చినప్పుడు ఆసుపత్రిలో చేరి బతికి బయటపడ్డవాళ్ళను జార్జ్ బొనానో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు నెలల తరబడి గమనించారు. చాలామంది మానసికంగా బాగా దెబ్బతిన్నారు. దాన్ని దాచాల్సిన పనిలేదు. కానీ మరో పెద్ద గుంపు మొదటి నుంచీ నిలదొక్కుకునే ఉంది. ఈ గుంపులో ఎక్కువగా కనిపించిన వాటిలో ఒకటి, చుట్టూ ఆదుకునే మనుషులు ఉండటం. గుండె నిబ్బరం అంటే ఒక మనిషి ఛాతీలో ఉండే ఇనుము అనుకుంటాం మనం. కొంత పుట్టుకతో వస్తుందేమో గానీ, అందులో చాలా భాగం ఆ మనిషి ఫోన్‌బుక్‌లో, వీధిలో, చుట్టాల్లో ఉంటుంది.

[దృశ్యం: వేలికి పెట్టిన ఆక్సీమీటర్. అంకె 95, 94, 95 అని మారుతూ.]

ఇప్పటిదాకా చావు గురించే మాట్లాడాను. జబ్బు భయం గురించి కూడా కొంచెం చెప్పాలి. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపే ఈ చిన్న మిషన్ గుర్తుందా? 94 కంటే తగ్గితే ఆసుపత్రికి వెళ్ళమన్నారు, మంచిదే. కానీ చాలా ఇళ్ళలో పది నిమిషాలకోసారి వేలు పెట్టడం మొదలైంది. అంకె చూస్తే ఒక్క క్షణం ఊరట. ఆ క్షణం దాటగానే "ఇప్పుడెంతుందో" అని మళ్ళీ గుబులు. చూసే కొద్దీ ఊరట తగ్గుతుంది, చూడాలన్న తహతహ పెరుగుతుంది. భయం ఇంటి కుక్కలాంటిది. దొంగ వస్తే మొరగాలి. గాలికి ఆకు కదిలినా తెల్లవార్లూ మొరిగితే యజమానికి నిద్ర ఉండదు. రోజుకు ఇన్నిసార్లే చూస్తాను అని ముందే గంటలు పెట్టుకున్నవాళ్ళకు కాస్త నయంగా ఉండేది. వార్తలకైనా, షుగర్ మిషన్‌కైనా ఈ సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది.

[దృశ్యం: ముత్తుకూరు రోడ్డు, కృష్ణపట్నం బోర్డు.]

2021 మేలో ఈ రోడ్డు గుర్తుకొస్తే కరోనాకని కృష్ణపట్నం ఆనందయ్య ఇచ్చిన నాటు మందు గుర్తుకొస్తుంది. వేలమంది వచ్చారు. అంబులెన్స్‌లలో ఆక్సిజన్‌తో సహా వచ్చారు. ప్రభుత్వం మధ్యలో పంపిణీ ఆపించింది, నెలాఖరున కంటి చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతి ఇచ్చింది. ఆ మందు కరోనాను తగ్గిస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. ఆ జనాన్ని చూసి నవ్వినవాళ్ళు చాలామంది. నేను నవ్వలేను. వార్డులోకి వెళ్ళనివ్వరు, బెడ్ దొరకదు, చేతిలో ఏ పనీ లేదు. నాన్న కోసం తాను చేయగలిగినది ఒక్కటైనా ఉందని ఆ కొడుక్కి అనిపించింది ఆ క్యూలోనే. ఏమీ చేయలేని స్థితిని మనిషి భరించలేడు. ఆ గుంపులో వైరస్ ఇంకొకరికి అంటుకోవచ్చు, ఆసుపత్రిలో ఉండాల్సిన రోగి రోడ్డు మీద ఉండిపోవచ్చు. అందుకే చేయడానికి నిజంగా పనికొచ్చే పని ఒకటి ఆ కుటుంబం చేతికి అందించాలి. వార్డులో ఉన్న మనిషికి రోజూ ఒక వాయిస్ మెసేజ్ పంపడం, డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలు కాగితం మీద రాసుకోవడం, అలాంటివి.

[దృశ్యం: నల్ల తెర, ఒక్క వాక్యం: కురిచేడు, జూలై 2020.]

ప్రకాశం జిల్లా కురిచేడులో 2020 జూలై చివర్లో పదిమందికి పైగా శానిటైజర్ తాగి చనిపోయారు. కంటైన్‌మెంట్ వల్ల, అంటే వైరస్ పాకకుండా పెట్టిన కట్టడి వల్ల, మద్యం దుకాణాలు మూతపడ్డాయి. తాగుడుకు బానిసైన శరీరానికి ఒక్కసారిగా మద్యం అందకపోతే వణుకు, చెమటలు, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. అది వైద్యం కావాల్సిన స్థితి. "తాగుబోతులు, పోతే పోయారు" అని అప్పట్లో కొందరన్నారు. వాళ్ళ ఇళ్ళలోనూ చాప మీద కూర్చుని ఏడ్చినవాళ్ళున్నారు. పైగా ఎలా పోయారో చెప్పుకోలేని సిగ్గు వాళ్ళకు అదనం. చావులో సిగ్గు కలిసినప్పుడు దుఃఖం ఇంకా లోపలికి పోతుంది.

[దృశ్యం: వ్యాఖ్యాత, కాస్త దగ్గరగా.]

సరే, ఇప్పుడు ఏం చేయొచ్చు? అప్పుడు జరగని పలకరింపు ఇప్పుడైనా జరపొచ్చు. ఏళ్ళు గడిచాయి, ఇప్పుడు అడిగితే ఏమనుకుంటారో అని ఆగొద్దు. ఈసారి సంవత్సరీకానికో, పెళ్ళిలో కలిసినప్పుడో పక్కన కూర్చుని "అప్పుడు రాలేకపోయాను అక్కా. బావకు అసలు ఏమైంది?" అని అడగండి. అడిగి ఊరుకోండి. మధ్యలో "మా మామకూ ఇలాగే" అని మీ కథ ఎత్తుకోవద్దు. "పోనీలే, దేవుడికి దగ్గరయ్యాడు" అని మూత పెట్టొద్దు. ఆమె చెబుతుంది. క్యారియర్ గురించి, వీడియో కాల్ గురించి.

పిల్లలుంటే వాళ్ళతో సూటిగా మాట్లాడాలి. "నాన్న ఊరెళ్ళాడు" అంటే చిన్నపిల్లాడు రోజూ బస్టాండ్ వైపు చూస్తాడు. "నాన్న చనిపోయాడు. జబ్బు చేసి ఆయన శరీరం పనిచేయడం ఆగిపోయింది. అది నీ వల్ల కాదు." ఈ చివరి ముక్క తప్పకుండా చెప్పాలి. నాకు దగ్గు వచ్చింది కాబట్టి నాన్నకు వచ్చింది అని లోపల మోస్తున్న పిల్లలు ఉంటారు. పెద్దవాళ్ళలోనూ ఉంటారు: "నేను పెళ్ళికి వెళ్ళొచ్చి అంటించాను" అని. అలా చెప్పినప్పుడు వెంటనే "ఛ, అదేం లేదు" అని కొట్టేయకుండా, అప్పుడు ఎవరికి ఏం తెలుసో, ఏం తెలియదో వాళ్ళతోనే ఒక్కొక్కటీ చెప్పించండి.

[దృశ్యం: తెర మీద పెద్ద అక్షరాలతో 14416.]

కొందరికి ఇవి చాలవు. పోయిన మనిషి కోసం తపన ఏడాది దాటినా రోజూ అదే తీవ్రతతో ఉండటం, ఇంకా నమ్మలేకపోవడం, బతుకులో అర్థమే లేదనిపించడం, ఉద్యోగం, వంట, స్నానం లాంటివి కూడా సాగకపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో దీన్ని ఆరు నెలలు దాటిన తీవ్ర దుఃఖంగా విడిగా గుర్తించారు. అమెరికా మానసిక వైద్యులు 2022లో పెద్దవాళ్ళకు ఏడాది అని గడువు పెట్టారు. దీనికి చికిత్స ఉంది. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్యం ఓపీకి వెళ్ళొచ్చు. చచ్చిపోవాలనిపిస్తుంటే మాత్రం ఓపీ రోజు దాకా ఆగొద్దు, ఇప్పుడే ఇంట్లో ఒకరికి చెప్పి పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ చేయండి.

14416 అనేది టెలీ మానస్ నంబర్, ఫోన్‌లో మానసిక సాయం అందించే సేవ. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఏం చెప్పాలో ముందే కూర్చుకోనవసరం లేదు. "మా నాన్న 2021లో కరోనాతో పోయారు. నాకు ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు" అంటే చాలు, మిగతాది వాళ్ళే అడుగుతారు.